టీవీ యూనిట్‌కు మ్యాచింగ్

మా తమ్ముడు రాకేశ్‌కు ఏ వస్తువైనా పక్క వస్తువుతో మ్యాచ్ కావాలి. సోఫాకు కర్టెన్లు, కర్టెన్లకు దిండ్లు. వాడి పెళ్లిలో పెళ్లికూతురి చీరకు తగ్గ రంగు షేర్వాణీ దొరక్క మాల్స్ అన్నీ తిప్పి మా కాళ్లు విరగ్గొట్టాడు. అప్పుడు నవ్వుకున్నాం. ఆ పిచ్చి చివరికి మా బాపు డ్రమ్ముల మీద పడుతుందని తెలిస్తే అప్పుడే వీపు మీద నాలుగు తగిలించేదాన్ని.

మా బాపు పేరు ఐలయ్య. లింగంపల్లిలో ఉత్త ఐలయ్య అంటే ఎవరికీ తెలియదు, డ్రమ్ముల ఐలయ్య అనాలి. ముప్పై ఏళ్లు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, గణేశ్ మండపాల్లో వాయించాడు. రాయదుర్గంలో ఇవాళ అద్దాల మేడలున్న చోట ఇంకా గుట్టలూ బండలే ఉన్న రోజుల్లో, సికింద్రాబాద్‌లో ఏదో హోటల్ బ్యాండు మూతపడితే వాళ్ల డ్రమ్ సెట్టు కొని ఆటోకు కట్టుకుని తెచ్చుకున్నాడు. అప్పటికే అది పాతది. ముత్యంలా మెరిసే నీలం ప్లాస్టిక్ షీటు చుట్టిన డ్రమ్ములు. దించేటప్పుడు గేటు తగిలి పెద్ద డ్రమ్ము నెత్తిన అరచేయంత షీటు చిరిగి లోపలి చెక్క బయటపడిందట. బాపు తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడట. మా అమ్మ చంద్రమ్మ మాత్రం, "మంచిగనే అయింది తియ్. బొట్టు వెట్టనీకి జాగ దొరికింది" అని ఆ చెక్క మీదే పసుపు రాసి కుంకుమ పెట్టింది.

అది మొదలు. దసరాకు ఆయుధపూజ నాడు, మధ్యలో ప్రతి ప్రోగ్రాంకు ముందు, అదే చోట అమ్మ చేతి బొట్టు. నీళ్ల పసుపైతే ఎండి రాలిపోతుందని కొబ్బరినూనెలో కలిపి రాసేది. చెక్క తాగీ తాగీ అక్కడొక మచ్చ కట్టింది, మధ్యలో ఆమె వేలి కొసంత నల్లటి చుక్క. బాపు ఆ చుక్కను తాకి కళ్లకద్దుకోనిదే కర్రలు పట్టేవాడు కాదు. ఆలస్యమైందని పెళ్లివాళ్లు స్టేజీ కింద అరుస్తున్నా సరే.

అమ్మ పోయి రెండేళ్లు. అప్పట్నుంచి బాపు కర్ర ముట్టలేదు. డ్రమ్ముల మీద దుప్పటి కప్పి నా కర్రీ పాయింట్ వెనక గదిలో, ఉల్లిగడ్డ సంచుల పక్కన పెట్టించాడు. తనూ అక్కడే కుర్చీ వేసుకున్నాడు. పెడితే తింటాడు, అడిగితే జవాబిస్తాడు, అంతే. ఒకప్పుడు కుక్కర్ విజిల్‌కు కూడా గోడ మీద తాళం వేసే మనిషి. ఆ వేళ్లు ఒళ్లో అలా చచ్చుబడి పడుంటే నాకు చూడ్డానికే భయం వేసేది.

అలాంటప్పుడు రాకేశ్ వచ్చాడు. నల్లగండ్లలో ఫ్లాట్ కొన్నాడు, ఇంటీరియర్ పని నడుస్తోంది. "బాపూ, నీ డ్రమ్స్ కొత్తగ చేపిస్త. గృహప్రవేశం నాడు వాయిస్తవా?" అన్నాడు. బాపు లేచి, దుప్పటి కొస ఎత్తి, మచ్చ మీద చేయి పెట్టి, "వాయిస్త తియ్" అన్నాడు. నేను ఏడ్చేశాను. ఎందుకక్కా అని తమ్ముడడిగితే ఉల్లిగడ్డల మీదికి నెట్టాను. నాకు వాడి ఫ్లాట్ వద్దు, వాడి ఫాల్స్ సీలింగ్ వద్దు. బాపు చేతులు మళ్లీ కదలాలి. నాకు కావలసింది అదొక్కటే.

డ్రమ్ములు తీసుకెళ్లి వాడు ఇంటీరియర్ కాంట్రాక్టర్ నారాయణప్పకు ఇచ్చాడు.

"డ్రమ్ములు బాగుచేసెటోళ్లు వేరే ఉంటరు గదరా?" అన్నాను.

"వాళ్లకు ఫినిషింగ్ రాదక్కా. హాల్ల టీవీ యూనిట్‌కు వాల్‌నట్ వెనీర్ వేస్తున్నం. డ్రమ్స్‌కు గూడ అదే వేస్తే మొత్తం ఒకటే లుక్ వస్తది."

వెనీర్ అంటే ఏమిటోననుకున్నాను. అప్పడం కంటే పలచని చెక్క రేకు. పైన అతికించి పాలిష్ కొడితే లోపల ఎంత నాసిరకం చెక్కున్నా బయటికి జమీందారు బంగళా తలుపే.

ఒకరోజు నారాయణప్ప నాకు ఫోన్ చేశాడు. "అక్కా, మీ తమ్ముడు ఫోన్ ఎత్తల్యా. ఒకతూరి షెడ్డుకొచ్చి చూసిపోండి. పెద్ద డ్రమ్ముకు ఒకచోట రేకు అతుక్కోల్యా." ఆయనది అనంతపురం, మంచి మనిషే. కూరల గిన్నెలు పనిపిల్లకు అప్పజెప్పి వెళ్లాను. నీలం షీటంతా ఊడదీసి మూల పడేశారు. చిన్న డ్రమ్ములకు వెనీర్ అతికించారు. ఉన్న మాట చెప్పాలి కదా, చూడ్డానికి బాగున్నాయి. పెద్దదాని నెత్తిన మాత్రం రేకు పూరీలా పొంగింది.

"రెండుసార్లు బంక పూసి చూస్తిమి. చెక్క నూనె తాగిండాది, ఏం పెట్టినా పట్టదు. ఏముండె అక్కా ఇక్కడ?"

"మా అమ్మ ఉండె" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. విషయమంతా చెప్పాను. "గంత జాగ ఇడిసిపెట్టుర్రి అన్నా. దాని మీద ఏం అతికియ్యకుర్రి."

"అయ్యో, నాకు తెల్దా అక్కా. మేమూ దసరాకు రంపానికీ ఉలికీ బొట్టు పెట్టేవాళ్లమే" అని, నా ముందే ఆ పొంగిన రేకును గుండ్రంగా కోసి తీశాడు. కింద అమ్మ చుక్క అలాగే ఉంది. తాకి కళ్లకద్దుకుని వచ్చాను. ఇంటికెళ్లి "అమ్మ బొట్టు మంచిగుంది బాపూ" అని చెబితే, కుర్చీ చేతి మీద ఆయన వేళ్లు రెండు కదిలాయి. టక, టకటక. ఆ రాత్రి నాకు అన్నం రుచిగా అనిపించింది.

గృహప్రవేశం నాడు పాలు పొంగించారు, వ్రతమైంది. మధ్యాహ్నం భోజనాలకు రాకేశ్ ఆఫీసు జనం దిగారు. హాల్లో టీవీ యూనిట్ పక్కన డ్రమ్ములు, పైన స్పాట్‌లైట్లు. ఎవరు చూసినా 'వావ్' అనేవాళ్లే, పక్కన నిలబడి సెల్ఫీలు దిగేవాళ్లే. నేను సంబరంగా వెళ్లి పెద్ద డ్రమ్ము నెత్తి చూశాను. గుండ్రటి ఖాళీ లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే వాల్‌నట్, మొహం చూసుకోవచ్చు.

తమ్ముణ్ని వంటగది వెనక్కి ఈడ్చుకుపోయాను. "ఒరేయ్, అమ్మ బొట్టు జాగ ఏమైందిరా?"

"అదా? ప్యాచ్ వేసినట్టు గలీజ్‌గ కనవడ్డదక్కా. థిన్నర్ కొట్టిపిచ్చి, మిషన్‌తోని కొత్త చెక్క వచ్చేదాక గీకిపిచ్చిన. నారాయణప్ప వద్దనే అన్నడు, నేనే పట్టువట్టిన. సూడు, జాయింట్ గూడ కనవడ్తలేదు!"

వాడి మొహంలో ఎంత గర్వమో! తప్పు చేశానన్న జంకైనా ఉంటే బాగుండును.

"అది అమ్మదిరా."

"అమ్మ ఫొటో పెట్టిన గదక్కా హాల్ల. ఫ్రేము గూడ వాల్‌నటే."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటలు అచ్చులో బాగుండవు. బాపుకు ముందే చెప్పాలని నేను హాల్లోకి పరుగెత్తేసరికి ఆయన డ్రమ్ముల దగ్గరే ఉన్నాడు. తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల. ఎప్పటిలా కూర్చునే ముందు పెద్ద డ్రమ్ము నెత్తిన చేయి పెట్టాడు. చేయి అటు వెళ్లింది, ఇటు వెళ్లింది. వంగి చూశాడు. మళ్లీ తడిమాడు. తర్వాత తలెత్తి నావైపు చూశాడు. "మంచిగుంది బాపూ" అని చెప్పినదాన్ని నేనే కదా. నేను తలదించుకున్నాను.

ఆయన గుమ్మం దగ్గరికి నడిచి, గడపకు రాయగా పళ్లెంలో మిగిలిన పసుపును వేలితో తీసుకొచ్చి డ్రమ్ముకు పెట్టాడు, దాని మీద కుంకుమ అద్దాడు. పాలిష్ మీద బొట్టు తడితడిగా నిలిచింది. తాకి కళ్లకద్దుకుని కూర్చుని కర్రలెత్తాడు.

ధన్ మని ఇల్లదిరిపోవాలి. దబ్బుమంది. పరుపు మీద కొట్టినట్టుంది. చిన్న డ్రమ్ములూ అంతే. ప్రతి డ్రమ్ముకూ పక్కన చిన్న రంధ్రముంటుంది, డ్రమ్ము ఊపిరి పీల్చేది దాంట్లోంచేనని చిన్నప్పుడు బాపు నా వేలు పెట్టి చూపించేవాడు. చూస్తే అది లేదు. భోజనానికొచ్చిన నారాయణప్ప నా పక్కనే ఉన్నాడు, ఆయన మొహం పాలిపోయింది. "టీవీ యూనిట్‌కు రంధ్రాలన్నీ మూసేస్తాం గదక్కా, అట్లే మూసేస్తిమి" అన్నాడు. వెనీర్‌తో అంచులు మందమై చర్మాలు కూడా సరిగ్గా కూర్చోలేదట. పైన పటారం, లోన లొటారం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా!

జనం మాత్రం చప్పట్లు. "సూపర్ అంకుల్!" అని అరుపులు, చేతుల్లో ఫోన్లు. బాపు ఆపలేదు. కళ్లు మూసుకుని, చెవి డ్రమ్ము వైపు వంచి కొడుతూనే ఉన్నాడు. ఇంకొంచెం వాయిస్తే లోపల్నుంచి పాత గొంతు పలుకుతుందేమోనని ఆయన ఆశ. నాకూ అదే ఆశ. చేతులైతే కదులుతున్నాయి కదా, రెండేళ్లకు కదులుతున్నాయి కదా అని నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ దెబ్బలకు అదిరి తడి పసుపు వాల్‌నట్ మీద గీతలా జారింది. రాకేశ్ టిష్యూ పట్టుకుని ఉరికొచ్చాడు. "బాపూ, ఒక్క నిమిషం ఆగు. పాలిష్ మీద పసుపు మరక వడ్తే పోదు."

"ఉండనీ, ఏమైతాది?" అంది వాడి భార్య హరిత. కర్నూలు పిల్ల, పెట్టిన బొట్టు తుడవకూడదని ఆ మాత్రం తెలుసు ఆమెకు.

వాడు వినలేదు. నవ్వుతూ, అతిథుల వైపు చూస్తూ, బొట్టు తుడిచేశాడు. కొంచెం ఎరుపు మిగిలితే నోటి ఆవిరి ఊది మళ్లీ తుడిచాడు. మెరుపు తిరిగొచ్చింది.

బాపు చేతులు గాల్లోనే ఆగాయి. లేచి, కర్రలు రెండూ కొడుకు చేతిలో పెట్టాడు. "ఇవి గూడ మ్యాచింగ్ చేపియ్యి బిడ్డా" అన్నాడు. ఏదో జోకనుకుని జనం నవ్వారు. వాడూ నవ్వాడు.

నేను బాపు వెంట లిఫ్టులోకి వెళ్లాను. "బాపూ, ఫికర్ చెయ్యకు. గా రేకంత ఊడవీకిపిస్త. వచ్చే దసరాకు నేను వెడ్త బొట్టు, అమ్మ లెక్కనే..." ఏదేదో వాగుతున్నాను. ఆయన తన వేలికంటిన పసుపునే చూసుకుంటున్నాడు.

"రెండేండ్ల కింద గాదు బుజ్జీ" అన్నాడు. "మీ అమ్మ ఇయ్యాల పోయింది."

కింద లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఎదురుగా పెద్ద పూలగుత్తి పట్టుకున్న ఒకాయన, రాకేశ్ గారి గృహప్రవేశం ఏ ఫ్లోర్‌లోనండీ అని అడిగాడు. చెప్పాను.