తీసేసిన టిక్కు

రిపేరుకొచ్చిన ల్యాప్‌టాప్ మూత తెరవగానే ఏసుపాదం ఎప్పటిలాగే విజువల్ ఎఫెక్ట్స్ సెట్టింగుల పెట్టెలోకి వెళ్ళి, ఒక్క నొక్కుతో టిక్కులన్నీ ఎగరగొట్టాడు. నీడలు, మెరుపులు, తేలుతూ వచ్చే కిటికీలు, అన్నీ పోయాయి.

"విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదండి. ప్రాసెసర్‌లో కలిసొచ్చిందే. ఈ సోకులెక్కడ మోస్తుంది?" అన్నాడు దాన్ని తెచ్చినాయనతో.

పదహారేళ్ళుగా తెనాలి స్టేషను దగ్గరి ఈ రిపేరు షాపులో అందరికీ ఇదే మాట. మోస్తుందో లేదో ఒక్కసారైనా పరీక్షించి చూశాడా అంటే, అబ్బే! తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మనిషీ అంతే. బక్కపలచటి ఒళ్ళు, స్క్రూడ్రైవరు ఒరుసుకుని కాయ కాసిన బొటనవేలు, మార్చి మార్చి వేసే రెండు చొక్కాలు. భార్య పోయాక ఇంట్లో టీవీ కూడా తీసేశాడు. పొద్దున రేపల్లెలో రైలెక్కడం, సాయంత్రం రేపల్లెలో దిగడం, అంతే బతుకు.

పదకొండింటికి కొలకలూరు నుంచి లలితమ్మగారు గుడ్డసంచీలో ల్యాప్‌టాప్ పట్టుకొచ్చారు.

"మా ఆయన టైపు చేసిన పాటలు పెన్‌డ్రైవులోకి ఎక్కించాలి, బాబూ."

వెంకటరాఘవయ్య మాస్టారి ల్యాప్‌టాప్ అది. ఏసుపాదానికి బాగా గుర్తు. వానాకాలంలో ఆయనే వచ్చారు. 'నాట్లేసే ఆడవాళ్ళ పాటలు నలభై ఏళ్ళు పోగుచేశా నాయనా. చూపు మసకబారుతోంది. అది పోయేలోపు పూర్తిచెయ్యాలి. ఇదేమో నత్తలా నడుస్తోంది' అన్నారు. దుమ్ము దులిపి, ర్యామ్ మార్చి, అలవాటు చొప్పున టిక్కులన్నీ తీసి పంపించాడు.

ఇప్పుడు ఫైలు తెరిచాడు. తెలుగు అక్షరాలు రంపప్పళ్ళలా ఉన్నాయి. గుడిసుళ్ళు విరిగాయి, ఒత్తులు ముద్దకట్టాయి. ఏసుపాదానికే కళ్ళు చికిలించాల్సి వచ్చింది.

"మాస్టారు ఎంతవరకు వచ్చారండీ?"

"ఇక్కణ్ణుంచి తెచ్చాక ఒక్క అక్షరం కొట్టలేదు. కనపట్టం లేదే, అయిపోయింది లలితా, అని మూసేశారు."

ఏసుపాదం మళ్ళీ ఆ సెట్టింగుల పెట్టె తెరిచాడు. అక్షరాల అంచులు నున్నగా చూపించే టిక్కు ఒకటుంటుంది. మిగతావాటితోపాటు దాన్నీ తీసేశాడు. మళ్ళీ పెట్టాడు. అక్షరాలు గుండ్రంగా తేరుకున్నాయి. మిగతా టిక్కులు కూడా పెట్టి చూశాడు. ఆ చిన్న గ్రాఫిక్స్ అన్నిటినీ సునాయాసంగా మోసింది. ఛీ, ఏం పని చేశాను!

"అమ్మా, దీన్ని వెంటనే తీసుకెళ్ళండి. ఒక్కసారి మాస్టార్ని చూడమనండి. కనపడతాయండి."

ఆవిడ స్క్రీను మీది అక్షరాల్ని వేలితో తడిమారు.

"ఆయన పోయి నెలైంది బాబూ. ఇక చూపు లేదనుకుని మంచం పట్టారు. అన్నం కూడా సరిగా తినలేదు."

చెప్పకపోతే ఆవిడకి ఎప్పటికీ తెలియదు. ఏసుపాదం స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"చూపు పోలేదమ్మా. అక్షరాల్ని పాడుచేసింది నేనే. అవి నున్నగా చూపించే టిక్కుని అలవాటుగా తీసేశాను."

లలితమ్మగారు తిట్టలేదు. తిట్టినా బాగుండు.

"మంచం మీంచే క్యాలెండర్లో తిథి చదివి చెప్పేవారు," అన్నారు నెమ్మదిగా. "గుర్తుండి చెబుతున్నార్లే అనుకున్నా. చూపుందని నేనూ నమ్మలేదు."

పాటలెక్కించిన పెన్‌డ్రైవు కొంగున ముడేసుకుని వెళ్ళిపోయారు. ల్యాప్‌టాప్ వద్దట, సంచీతో సహా వదిలేశారు.

ఏసుపాదం భోజనం మానేశాడు. ఆ గుడ్డసంచీ మడతపెడుతుంటే లోపల ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే అరచెయ్యంత భూతద్దం. మాస్టారు స్క్రీనుకి తగిలించుకుని చదవడానికి, దాని పిడికి రెండు రబ్బరుబ్యాండ్లు చుట్టి ఉన్నాయి.