కొట్టేసిన ప్రశ్న

ఆ ల్యాబ్‌లో పెద్దసారు కోప్పడితే ఫ్రీజర్‌లోని మంచుకు కూడా చెమటలు పడతాయని ప్రతీతి. ఆ రోజు కోపమంతా అందరి ముందూ టెక్నీషియన్ మీద విరుచుకుపడింది. గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన నమూనాల్లో ఏ జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తోందో కొలవడం ఆమె పని. రెండు వారాల తేడాతో ఒకే మనిషి ఇచ్చిన రెండు నమూనాల లెక్కలకు ఎక్కడా పొంతన కుదరలేదు. ఒకరిద్దరికి కాదు, నలభై మందికీ అదే తంతు.

"ఒకే ఒంట్లో రెండు రకాలెలా ఉంటాయమ్మా? నీ చేతులే శుభ్రంగా లేవు. 'పొరపాటు నాదే' అని రాసి సంతకం పెట్టు. రేపట్నుంచి రానక్కర్లేదు," అంటూ తెల్లకాగితం తోశాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళలో ఒక్క చుక్క ఒలకబోయని చేతులవి! సంతకం పెట్టలేదు. నమూనాలతో వచ్చిన ఫారాలు తిరగేసింది. "చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చింది?" అన్న ప్రశ్న ప్రతి ఫారంలోనూ కొట్టేసి ఉంది. నమూనాలు తీసిన నర్సు దగ్గరికి విసవిసా వెళ్ళింది.

"అక్కా, ఇదెవరు కొట్టేశారు?"

"ఇంకెవరు, మీ పెద్దసారే! ఆడవాళ్ళని అలాంటివి అడిగితే బాగోదట. గర్భసంచి నోట్లోంచి నమూనా తియ్యడానికి లేని సిగ్గు, తారీఖు అడగడానికొచ్చిందే తల్లీ!"

ఇద్దరూ కూర్చుని నలభై మందికీ ఫోన్లు చేశారు. సిగ్గుపడినవాళ్ళు ఒక్కరూ లేరు. "ఇప్పుడా అడిగేది?" అని ఒకావిడ ఎదురు చీవాట్లు పెట్టింది. నెలసరి రోజుల వరసలో పేర్చేసరికి ఆ అల్లరి లెక్కలన్నీ బుద్ధిగా బారులు తీరాయి.

తెల్లారి ఆమె ఆ లెక్కల పట్టిక పెద్దసారు బల్లమీద పరిచింది.

"గర్భాశయ ముఖద్వారం నెలంతా ఒకేలా ఉండదు సార్. అండం విడుదలయ్యే రోజుల్లో అక్కడి జిగురు పలచబడి వీర్యకణాలకు దారిస్తుంది, తర్వాత చిక్కబడి మూసేస్తుంది. ఆ పనికి కొన్ని జన్యువులు లేస్తే కొన్ని పడుకుంటాయి. తారీఖు మీరు పారేసి, మురికి నా చేతులకంటించారు."

పెద్దసారు పట్టిక వంక చూసినంతసేపట్లో కోడి గుడ్డు పెట్టి, పొదిగి, పిల్లల్ని కూడా లేపేసి ఉండేది.

"బాగుంది. నేనూ మొదట్నుంచీ ఇదే అనుకుంటున్నా," అన్నాడు చివరికి.

"అనుకునే కొట్టేశారా సార్?" ఆమె నిన్నటి తెల్లకాగితం ఆయన ముందుకు జరిపింది. "'పొరపాటు నాదే' అని రాయండి."

"అందరూ చూస్తున్నారమ్మా..."

"నన్ను తిట్టినప్పుడూ చూశారు సార్."

పెన్ను మూత తీసి అందించింది. ఆయన రాశాడు. సంతకం సగంలో ఆపి తలెత్తాడు.

"పూర్తిగా," అంది ఆమె.