పలక వీపున పసుపు

నిన్న ఎక్కించిన సోలార్ పలకలను ఇవాళ దించుతున్నారు. నర్సింగమ్మ చీపురు పక్కన పడేసి నిచ్చెన దగ్గరికి నడిచింది.

"ఎందుకు దించుతున్రు బిడ్డా?"

"రిపేరమ్మా," అని కూలి ముఖం తిప్పుకున్నాడు.

వరుస మొత్తానికీ ఒక్కసారే రిపేరొచ్చిందా? అదీ ఆఫీసరు చూసి సంతకం పెట్టిపోయిన మర్నాడే?

కట్టంగూరు దాటాక హైవే పక్కన పేదలకు కడుతున్న కాలనీ అది. కొత్త ఇంటి మీద సోలార్ ఉంటేనే పర్మిషన్ అని రూలొచ్చింది. ఎండ నుంచి కరెంటు పుడుతుంది, బిల్లు బాధ తప్పుతుంది అని మీటింగు పెట్టి చెప్పారు. ఆఫీసరు వచ్చినప్పుడల్లా ఒక్కో వరుస చూస్తాడు. అన్నీ చూశాకే తాళాలు. భర్త పోయినప్పటి నుంచి కిరాయి షెడ్డులో ఉంటున్న నర్సింగమ్మకు ఆ తాళం మీదే ప్రాణం.

కొత్త వస్తువుకు పసుపు పెట్టందే ఆమెకు మనసొప్పదు. నిన్న తన ఇంటి పలకకు పెట్టబోతే కాంట్రాక్టరు అమరేందర్ కసిరాడు: "అద్దం మీద రాస్తే కరెంటు రాదు ముసల్దానా! అదేమన్న దేవుడా?" సరేనని చెయ్యి వెనక్కి పోనిచ్చి, పలక వీపున మూడు వేళ్లతో రాసి వచ్చింది. కింద, పక్కిల్లు వచ్చిన ఎస్తేరు నవ్వింది. "మాకు బొట్లు లెవ్వు గనీ వదినె, నీ పలకకు ప్రార్థన జేస్త తియ్యి."

మధ్యాహ్నానికి రెండో వరుస ఇళ్ల మీద పలకలు మెరిశాయి. ఎవరూ ఆపేలోపు నర్సింగమ్మ నిచ్చెనెక్కి, ఒక్కో పలక కిందికి తల వంచి చూసింది. ఒకదాని వీపున తన మూడు వేళ్ల పసుపు కనిపించింది.

సాయంత్రం అందరూ ఒకచోట చేరారు. ఆ పసుపు రేపు ఆఫీసరుకు చూపిద్దామంది నర్సింగమ్మ. అక్కడే ఇల్లు వచ్చిన మేస్త్రీ యాదగిరి అడ్డుపడ్డాడు. "తాళాలు రానియ్యి వదినె. గిప్పుడు లొల్లి జేస్తే సంతకం ఆగుతది, ఇండ్లు పోతయి."

"నాకు ఇల్లొద్దా? వానొస్తే షెడ్డుల గిన్నెలు పెట్టుకుంట కూసునేది నేనే గద!" అంది నర్సింగమ్మ.

ఎస్తేరు లేచింది. "మనకోసమే రూలన్నరు. పలకలు మన పేరు మీద రాసుకొని ఊరంత తిప్పుతుండు. నోరు మూసుకుంటే రేపు గోడలు గూడ తీస్కపోతడు!"

"గోడలల్ల సిమెంటుంటే గద తీస్కపోయేది," అన్నాడు యాదగిరి. "కట్టింది నేనే, నాకెరుకలేదా?" అందరూ నవ్వారు. ఆ తర్వాత వద్దనే మాట ఎవరూ అనలేదు.

మర్నాడు ఆఫీసరు రాగానే నిచ్చెన చుట్టూ జనం నిలబడ్డారు. నర్సింగమ్మ పైకెక్కి పసుపు చూపింది.

అమరేందర్ నవ్వాడు. "పసుపు ఎవలింట్ల లేదు సార్? ఎవలన్న పూస్తరు."

"నిజమే. అయితే అందరం పూస్తం," అంది నర్సింగమ్మ.

గిన్నె చేతులు మారింది. ఆడా మగా పసుపులో బొటనవేలు ముంచి ప్రతి పలక వీపునా ముద్ర వేశారు. ఎన్నడూ బొట్టు ముట్టని ఎస్తేరు కూడా వేసింది. "ఇన్నాళ్లు మీ కాయితాల మీద ఏసినం. ఇయ్యాల మీ దొంగతనం మీద ఏసినం. రేపు మూడో వరుసల గీ ఏలిముద్రలు కనవడితె ఏమంటవు సేటూ?" అని అమరేందర్‌ను అడిగింది.

ఆఫీసరు సంతకం చెయ్యకుండానే పెన్ను జేబులో పెట్టుకున్నాడు. అమరేందర్ ఫోన్ తీశాడు. పోలీసులొచ్చి, సర్కారు సామాను పాడుచేశారని నర్సింగమ్మనూ ఎస్తేరునూ జీపెక్కించారు. యాదగిరి నిచ్చెన నేలకు పడేసి దాని మీద కూర్చున్నాడు. "సంతకం ఆగితే ఆగనియ్యి! ఒక్క పలక దిగది!" జనమంతా అతని చుట్టూ కూర్చున్నారు.

మర్నాడు స్టేషన్ కిటికీ దగ్గరికి యాదగిరే కబురు తెచ్చాడు. కేతేపల్లిలో కూడా అమరేందర్‌దే కాంట్రాక్టు. అక్కడ పలకల వ్యాను ఆగగానే ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారట.

"ఏమన్నరు?" అని అడిగింది నర్సింగమ్మ.

"దించకురి, ముందుగాల ఎనకకు తిప్పి సూపియ్యిర్రి అన్నరు వదినె. పసుపు గిన్నెలు పట్టుకొనే ఒచ్చిన్రు."