అమ్మ వేసిన ముడులు

మా అమ్మ కుట్టు గట్టిదే గానీ అందం తక్కువ. ఆవిడ బొత్తాం కుట్టిందంటే చొక్కా చిరగాలే తప్ప బొత్తాం ఊడదు. దారం జంటగా వేసి, లోపలివైపు మిరియపు గింజంత ముడులు వదిలేస్తుంది. చిన్నప్పుడు అవి గుచ్చుకుని తమ్ముడు ఇల్లెగిరిపోయేలా గోల పెట్టేవాడు.

వాడికి సైన్యంలో హోదా పెరిగింది. చొక్కా చేతికి కుట్టాల్సిన, బాణం మొనలా ఉండే మూడు గీతల పట్టీ పట్టుకుని సెలవులో ఇంటికొచ్చాడు. దర్జీకిద్దామంటే అమ్మ వింటేనా? "నా కొడుకు పట్టీ ఇంకొకడు కుట్టేదేంటి?" అని కళ్ళద్దాలు తుడుచుకుని కూర్చుంది. కుట్టింది, తలకిందులుగా. కిందికి ఉండాల్సిన మొన పైకి తిరిగింది.

వాడు బయల్దేరే ముందు అది చూసి నేను కత్తెర తీశాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మకి చెప్పకక్కా, చిన్నబుచ్చుకుంటుంది. అక్కడ మా దర్జీ ఉన్నాడులే, చూసుకుంటాడు."

చొక్కా మడిచి సంచిలో పెట్టుకుని రైలెక్కేశాడు. అమ్మ మాత్రం కనిపించిన వాళ్ళందరికీ, "నా కుట్టు నా కొడుకు చేతి మీదుంది" అని చెప్పుకుని మురిసిపోయింది.

వాడు సరిహద్దులో చనిపోయాడు. ఆ రైలెక్కాక మళ్ళీ ఇంటికి రానేలేదు.

వాడి పెట్టె స్నేహితుడొకడు తెచ్చాడు. అమ్మ మిగతావేవీ ముట్టుకోలేదు. "ఆ చొక్కా ఏదీ?" అంది. నేను తీసి చూశాను. పట్టీ సరిగ్గా ఉంది, చుట్టూ మిషను కుట్టు. అమ్మకి చూపు ఆనదు గానీ వేళ్ళకి అన్నీ తెలుస్తాయి. తడిమి చూసి, "ఇది నాది కాదు. విప్పేశాడు" అని చొక్కా పక్కన పెట్టేసింది. ఆవిడ మొహం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

"విప్పనివ్వలేదమ్మా," అన్నాడు స్నేహితుడు. "తలకిందులుగా ఉందని పై అధికారి చీవాట్లు పెట్టాడు. అయినా మీ కుట్టు ముట్టుకోనివ్వలేదు. మీ పట్టీ మీద చొక్కా రంగు గుడ్డ వేయించి, దానిమీద కొత్తది కుట్టించుకున్నాడు. లోపల చెయ్యి పెట్టి చూడండి."

అమ్మ చొక్కా చేతిలోకి వేళ్ళు పోనిచ్చింది. ముడులు ఒక్కొక్కటే తగిలాయి.

"వెధవకి గుచ్చుకోలేదా?"

"గుచ్చుకునేవమ్మా. రోజూ విసుక్కుంటూనే వేసుకునేవాడు."

అమ్మ నవ్వింది. నవ్వుతూనే నా వైపు తిరిగింది.

"తలకిందులైందని నీకు తెలుసా?"

తలూపాను.

"మరి చెప్పవేంటే?" అంటూ అమ్మ భోరుమంది. "విప్పి మళ్ళీ కుట్టేదాన్ని కదే. ఆ రైలు తప్పిపోయేది. ఇంకో పూట నా దగ్గరుండేవాడు."