మునిగిన దీవి గీత

లెక్క అందకపోవడమూ, లెక్క సున్నా కావడమూ ఒకటేనా? కంప్యూటరు ముందు కూర్చున్న గణాంకాధికారి ఆ ప్రశ్న తనకు తానే వేసుకున్నాడు.

ఏ దేశపు వాహనాలు ఏయేట ఎంత బొగ్గుపులుసు వాయువు వదిలాయో గీతలుగా గీసి పోల్చడం అతడి పని. లెక్క పంపని దేశానికి పొరుగు దేశపు పెరుగుదలను అరువిచ్చి గీతను పొడిగించడం ఆ కార్యాలయం ఆనవాయితీ. అలా సాగుతున్న గీతల్లో ఒకటి, సముద్రం సగం మింగిన దీవిది. జనమంతా ఓడలెక్కి ఏళ్ళయినా దాని గీత ఏటేటా పైకే పోతోంది.

"ఏమయ్యా, మనిషి లేని చోట బళ్ళెవరు తోలుతున్నారు? దయ్యాలు డీజిలు కొట్టించుకుంటున్నాయా?" అని నవ్వాడు పై అధికారి. "సున్నా పెట్టి సాయంత్రంలోగా అచ్చుకు పంపెయ్."

అతడు నవ్వలేదు. ఆ దీవిలో బస్సు నడిపింది అతడి బావ. ఓడ కదిలే రోజున, "కొండ దగ్గర ముసలివాళ్ళు మిగిలారేమో, ఆఖరి ట్రిప్పు వేసొస్తా" అని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. వెతకబోయిన పడవకు మనిషీ కనబడలేదు, బస్సూ కనబడలేదు. అప్పటినుంచి తమ్ముడి ఇంట్లోనే ఉంటున్న అక్క, అతడు గుమ్మంలో చెప్పులు విప్పకముందే అడుగుతుంది.

"ఏరా, మీ బావ గీత ఉందా?"

"ఉందక్కా."

"ఉండక ఏం చేస్తుంది! ఇంట్లో పని చెబితే వంద సాకులు చెప్పే మనిషి, బండెక్కితే మాత్రం దిగడు."

ఆ గీత మీదే ఆమె ప్రాణం నిలబడి ఉంది. సున్నా పెడితే, బావను తన చేత్తో ముంచినట్టే. పెట్టకపోతే అబద్ధానికి ఊపిరి పోసినట్టు. ఇన్నాళ్ళూ తాను ఓదార్చింది అక్కనా, తననా?

చివరికి, అరువు తెచ్చిన పెరుగుదలను తీసేశాడు. గీత తెగిపోవాలి. తెగలేదు. సన్నబడింది, అంతే.

అడుగున ఏముందో తెరిచి చూశాడు. ఉపగ్రహం గంటగంటకూ గాలిని కొలిచి పంపిన అంకెలు ఆ పొడిగింపు అడుగున ఇన్నేళ్ళూ కప్పబడి ఉన్నాయి. నింపేసిన గడిని ఎవరు మాత్రం ఎత్తి చూస్తారు? గీతను పెద్దది చేసి చూశాడు. పొద్దున ఒక చిన్న మూపురం, సాయంత్రం మరొకటి. వారానికో రోజు ఏమీ లేదు. ఒక్క బస్సు వదిలేంత పొగ. బావ డ్యూటీ వేళలే అవి, సెలవు కూడా అదే.

బావ బస్సు తిరిగిన దారి మొత్తం ఏళ్ళుగా నీళ్ళ కింద ఉంది.

నిన్నటి మూపురాలు కూడా ఉన్నాయి. కిటికీ అవతల ఏదో బస్సు హారన్ మోగితే ఉలిక్కిపడ్డాడు.

సున్నా పెట్టలేదు. ఆ సన్నని గీతను ఉన్నదున్నట్టు అచ్చుకు పంపి, ఫోను తీశాడు.

"అక్కా, బట్టలు సర్దుకో."

"ఎక్కడికిరా?"

"రేవుకి. పడవ మాట్లాడుకుని బావ దగ్గరికి వెళ్దాం," అంటూనే అతడు మెట్లు దిగుతున్నాడు.