దొరసాని కుర్చీ

ఓజీలియా నార్సిస్ నోరు మూసుకుని కూర్చోగలదంటే ఆ ఊళ్లో ఎవరూ నమ్మరు. పాస్టర్ గారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నా సరే, ఆమె పక్కావిడ చెవిలో ఏదో ఒకటి ఊదుతూనే ఉంటుంది. డెబ్బై దాటినా ఆ వాగుడు తగ్గలేదు.

ఊరి పక్కన మిసిసిపీ నది గట్టు దిగగానే, చెరకు తోటల మధ్య మాంఫ్లోర్ బంగళా ఉంది. ఓజీలియా ముత్తాతలు బానిసలుగా ఆ చెరకు నరికారు. అమ్మమ్మ క్లోటీల్ నాటికి బానిసత్వం పోయింది గానీ దొడ్డిదారి పోలేదు. ఆవిడ బతుకంతా ఆ బంగళా బట్టలు ఉతుకుతూ దొడ్డిదారినే వచ్చింది, దొడ్డిదారినే పోయింది. ఒక ఎండాకాలం కళ్లు తిరిగి, ముందు వరండాలోని ఊగే కుర్చీలో కూలబడింది. దొరసాని పల్లెత్తు మాట అనలేదు. క్లోటీల్ చేతే ఆ కుర్చీని సబ్బు పెట్టి కడిగించింది.

ఆ సంగతి తలుచుకుంటే ఓజీలియాకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ కుర్చీలో కూర్చుని ఫోటో దిగాలని చిన్నప్పటి నుంచీ పంతం. కానీ బంగళా ఇప్పుడు టికెట్టు పెట్టి చూపించే చోటయింది. కుర్చీకి అడ్డంగా తాడు కట్టి, కూర్చోరాదని బోర్డు తగిలించారు. దానికి కాపలా కూడా ఆమె పెదనాన్న కొడుకు ఆల్సీడే. అక్కడ తోటపని అతనిదే.

ఒక నెల మొదటి ఆదివారం పొద్దున్నే, ఆల్సీడ్ ట్రక్కులో చర్చికి వెళదామని ఓజీలియా బంగళా దగ్గరికి వచ్చింది. మొదటి ఆదివారం ప్రభు భోజనం కదా, చర్చి పెద్దమ్మలందరిలాగే గౌను తెలుపు, టోపీ తెలుపు, చేతి తొడుగులు తెలుపు. అప్పటికే ప్రెస్కాట్ అనే పేరుమోసిన ఫోటోగ్రాఫర్ ఓక్ చెట్ల బాట చివర పెట్టె లాంటి కెమెరా నిలబెట్టి ఉన్నాడు. ఆయనకి మనిషి జాడ లేని బంగళా కావాలట. ఆల్సీడ్ ట్రక్కును కనుచూపు మేరలో లేకుండా చేయించాడు. లెన్సు చాలాసేపు తెరిచి ఉంచుతాననీ, నడిచిపోయేవాళ్లు ఫోటోలో పడరనీ, ఆగినవాళ్లే పడతారనీ, దాటాల్సి వస్తే ఆగకుండా దాటిపొమ్మనీ ఆల్సీడ్‌కి జాగ్రత్తలు చెప్పి, పొగమంచులో తన కెమెరా దగ్గరికి వెళ్లిపోయాడు.

ఓజీలియా కళ్లు మెరిశాయి. అది చూసి ఆల్సీడ్ ఆమె దారికి అడ్డం నిలబడ్డాడు.

"వద్దే ఓజీ. నా ఉద్యోగం ఊడుద్ది."

"కాసేపు కూర్చుంటానంతే. నీ సొమ్మేం పోయింది?"

"నువ్వా? కదలకుండానా? రేపు నిన్ను పెట్టెలో పెట్టి పాతినా పక్క సమాధి వాళ్లతో కబుర్లేసుకుంటావు."

ఆ మాటతో ఆమె పంతం రెట్టింపయింది. లెన్సు తెరుచుకోగానే గబగబా మెట్లెక్కి, తాడు దాటి, కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. ముక్కు మీద దోమ వాలింది. కుట్టింది. చెయ్యి లేవలేదు. ఒళ్లంతా రాయి చేసుకున్న మనిషి నోటిని మాత్రం ఆపుకోలేకపోయింది. తల ఊపుతూ గొణిగింది: "చూశావా అమ్మమ్మా, కూర్చున్నా. నడుం వాల్చి మరీ కూర్చున్నా. మెత్తగానే ఉందే."

తరవాత ఆ ఫోటో పత్రికల్లో వచ్చింది. నలుపు తెలుపుల్లో పొగమంచు, బంగళా, వరండాలో తెల్ల బట్టల్లో ఒక ఆడమనిషి. బట్టలు స్పష్టంగా ఉన్నాయి. కబుర్లాడిన ముఖం మాత్రం ఆవిరైపోయింది. ఇంకేముంది, దొరసాని దయ్యమై తిరిగొచ్చిందన్నారు. ప్రెస్కాట్ తన అదృష్టానికి తనే మురిసిపోయాడు. బంగళాలో ఆ ఫోటో కార్డులు మరమరాల్లా అమ్ముడుపోయాయి.

"పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచీ ఎండలో మాడి, ఆఖరికి తెల్ల దొరసానివయ్యావే" అని ఆల్సీడ్ పడీపడీ నవ్వాడు. ఓజీలియా కూడా నవ్వింది. కానీ ముందున్న గంబో పులుసు గిన్నెని ముట్టకుండా పక్కకి నెట్టేసింది. అమ్మమ్మ కోసం కూర్చుంటే ఆ కుర్చీ మళ్లీ దొరసానికే పోయింది. ఆమెకి ఏడుపొచ్చింది.

న్యూ ఆర్లీన్స్‌లో ఆ ఫోటోని పెద్ద గోడంత చేసి ప్రదర్శనకి పెట్టిన రోజు, ఓజీలియా మళ్లీ ఆ తెల్ల బట్టలే కట్టుకుంది. ఈసారి ఆల్సీడ్ ఉద్యోగం మాట ఎత్తలేదు. వరండాలోని కుర్చీని ట్రక్కులోకి ఎక్కించి, గ్యాలరీలో ఫోటో కిందకి మోసుకెళ్లాడు. ఇది కూడా ప్రదర్శనలో భాగమే అనుకుని గ్యాలరీ వాళ్లే తలుపు పట్టుకున్నారు. ఓజీలియా కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ముందుగా వైన్ గ్లాసు పట్టుకున్న ఒకావిడ చూసింది. గోడ వంక చూసింది, కుర్చీ వంక చూసింది. గ్లాసు జారి పగిలింది. ఆ చప్పుడుకి అందరూ తిరిగారు. ప్రెస్కాట్ జనాన్ని తోసుకుంటూ కుర్చీ ముందుకొచ్చాడు.

ఓజీలియా చేతి తొడుగులు ఒక్కొక్కటే తీసి, తన నల్లటి చేతులు కుర్చీ చేతుల మీద ఆనించింది.

"నేను దయ్యాన్ని కాను బాబూ, దొరసానినీ కాను. ఆవిడ బట్టలు ఉతికిన క్లోటీల్ మనవరాలిని. ముఖం చెదిరిందంటే నా నోరు ఊరుకోక. మా అమ్మమ్మ ఈ కుర్చీలో ఒక్కసారి కూర్చుందని దీన్ని ఆవిడ చేతే కడిగించారు. ఇప్పుడు నేను లేచాక, మీలో ఎవరు కడుగుతారు?"

ఓజీలియా కుర్చీని మెల్లగా ఊపుకుంటూ, జవాబు కోసం నోరు మూసుకుని కూర్చుంది.