సగటు తీస్తే నయమైన పంపు

కాగితం మిల్లు మేనేజరుగారు మూడు రోజుల తరగతికి వెళ్లి, సెన్సార్ల కొలతలను లెక్కగట్టి చదివే డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ ప్రాథమికాలు నేర్చుకొచ్చారు. నేర్చుకోవడమంటే, మొదటి పూట సగటు తీయడం దాకా విన్నారు. మిగతా రెండున్నర రోజులు హోటల్ భోజనాన్ని క్షుణ్ణంగా అధ్యయనం చేశారు. సర్టిఫికెట్ గోడకెక్కింది. అక్కడిచ్చిన నోట్సు మాత్రం గది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొచ్చింది.

మరమ్మతుల విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి ఆ నోట్సు అడిగి తీసుకుని, వారంపాటు క్యాంటీన్‌లో కూర్చుని చదివింది. నాలుగో పాఠం దగ్గర టీ చల్లారిపోయింది. ఒక వస్తువు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో, అంతకు రెట్టింపు కంటే ఎక్కువసార్లు చూస్తేనే దాని సంగతి తెలుస్తుందట. మూడో నంబరు పంపు సెకనుకు యాభైసార్లు తిరుగుతుంది. దాని అదురు కొలిచే సెన్సారు సెకనుకు పదిసార్లే చూస్తోంది. అంటే, పంపు అయిదు చుట్లు తిరిగి మళ్లీ అదే చోటికి వచ్చినప్పుడల్లా ఒక చూపు చూసి ఊరుకుంటోంది. తెర మీది గ్రాఫు అంత బుద్ధిగా, తిన్నగా ఉండక ఏం చేస్తుంది మరి!

పంపులకు గ్రీజు పెట్టే పెద్దాయన్ని మిల్లంతా బాబాయ్ అంటుంది. ఆమె నేరుగా ఆయన దగ్గరికి వెళ్లింది.

“బాబాయ్, మూడో నంబరు బాగానే ఉందా?”

ఆయన స్క్రూడ్రైవరు కొసను బేరింగు మీద పెట్టి, పిడిని చెవికి ఆనించాడు. “బాగానా? నెల్రోజులుగా పళ్లు నూరుతోందమ్మా. చెబితే, నీ చెవికి సర్టిఫికెట్ ఉందా అన్నారు మేనేజరుగారు.”

ఆమె సెన్సారు సెకనుకు వెయ్యిసార్లు చూసేలా మార్చింది. తెర మీద గీత రంపపు పళ్లలా లేచింది. మేనేజరుగారు హడలిపోయారు.

“ఏంటమ్మా ఇది? నువ్వు చెయ్యి పెట్టకముందు చక్కగా ఉండేది!”

“జబ్బు ఇప్పుడు కనబడుతోంది సార్. బేరింగు మార్చాలి.”

“అదంతా ఉత్త నాయిస్, పనికిరాని రొద. నేను నేర్చుకున్నాగా, చూడు.” ఆయన సగటు తీశారు. చాలలేదు. సగటుకు సగటు తీశారు. గీత పడుకుంది. “చూశావా, నయమైపోయింది!”

నయమైన పంపు గురువారం పొద్దున పదింటికి బేరింగును ముక్కలు చేసుకుని ఆగిపోయింది. రెండు రోజులు మిల్లు మూతపడింది.

సిబ్బందికి అవగాహన చాలకపోవడమే కారణమని మేనేజరుగారు నివేదిక రాశారు. పైవాళ్లు మెచ్చుకుని, మిగతా శాఖలన్నింటికీ ఈ విద్య నేర్పి రమ్మని ఆయన్నే పంపించారు.

కొత్త బేరింగు బిగించాక ఆమె మేనేజరుగారు పెట్టిన సగటు లెక్కలను తొలగించింది. తెర మీద గీత సన్నగా, ఒకే తీరున ఊగింది. బాబాయ్ తెర దగ్గరికి వచ్చి ఆ గీతను వేలితో చూపించాడు.

“ఇది నాకూ నేర్పమ్మా” అన్నాడు కాస్త సిగ్గుపడుతూ.

ఆమె పక్కకు ఇంకో కుర్చీ లాగింది. ఇద్దరూ మొదటి పాఠంతో మొదలుపెట్టారు.